కానుగ నూనెయు డీజెలు ఇంజనును

ఎండలు ముదురువేళ ఢిల్లీ నగరమున కొన్ని వీథులలో కాలిబాటలపై లేతవంగ వన్నెగల చిన్నపూలు చాపవలె పరచుకొని యుండుట చూడనగును. ఆ చెట్టును ఇచటివారు కరంజ్ అందురు. ఆఫీసునకు ఆలస్యమగుచున్నదని పరుగిడు తెలుగువారిలో పలువురు ఆ పూలను త్రొక్కుకొనుచునే పోవుదురు. తలయెత్తి చూచినవారికి మాత్రము ఊరి చెరువుగట్టు, కాలువయొడ్డు, దానిపై వంగిన పచ్చని నీడ జ్ఞప్తికి రాక మానదు. అది మన కానుగ చెట్టు.

తెలుగునాట కానుగకు దేవతావృక్షమను గౌరవము లేదు. పండ్లచెట్టునకుండు మన్ననయు లేదు. అయినను ఊరివారికి అది చేయని ఉపకారము లేదు. ఉదయముననే పండ్లు తోముకొనుటకు దాని పుల్ల. వరిమడికి పచ్చిరొట్టగా దాని ఆకు, కొమ్మ; దమ్ములో త్రొక్కిన కానుగాకుతో చేను బలపడునని రైతులెల్లరకు తెలిసినదే. గజ్జికి, తామరకు దాని నూనె. గింజ గానుగాడగా మిగిలిన చెక్కను పశువులు ముట్టవు గాని, పొలమునకు అది మంచి ఎరువు. నూనె చేదు, వాసనయు దుస్సహము. కనుక వంటయింటిలోనికి అది ఏనాడును రాలేదు. కిరసనాయిలు పల్లెలకు దిగుటకు పూర్వము ఆముదము కొనజాలని యిండ్లలో ప్రమిదలో పోసినది ఈ నూనెనే. కిరసనాయిలు వచ్చినది, కానుగ దీపమారినది. మరల ఒక శతాబ్దము గడచిన పిమ్మట ఈ చేదునూనె పేరు ఢిల్లీలోని కేంద్రప్రభుత్వపు దస్త్రములలోనికి ఎక్కినది. అది ఎక్కిన తీరును, దిగిన తీరును తెలిసికొనదగినవి.

ఈ కథకు మూలపురుషుడు రుడాల్ఫ్ డీజెల్. జర్మనుడు, 1858లో పారిసునగరమున పుట్టినవాడు. గాలిని మిక్కిలిగా నొక్కినచో అది స్వయముగా వేడెక్కును. ఆ వేడిలోనికి ఇంధనమును చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఈ యొక్క సూత్రముపై అతడు నిర్మించిన ఇంజను నమూనా 1893 ఆగస్టు 10వ తేదీన జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున మొదటిమారు పరీక్షింపబడినది. ఆ తేదీనే ఇప్పుడు జీవ ఇంధన దినోత్సవముగా జరుపుచున్నారు. సభలలో వక్తలు ఆనాడు ఆ ఇంజను వేరుసెనగ నూనెతో నడచినదని చెప్పుట పరిపాటి. కాని డీజెల్ మహాశయుడే చెప్పిన వృత్తాంతము వేరుగా నున్నది. వేరుసెనగ నూనెతో నడచినది 1900వ సంవత్సరపు పారిసు ప్రదర్శనములో. నడిపినది ఆటో కంపెనీవారు. నడిపింపగోరినది ఫ్రెంచి ప్రభుత్వము. పెట్రోలియము కొరకు తీర్చిదిద్దిన ఆ ఇంజనులో ఏ మార్పును చేయకయే వేరుసెనగ నూనె పోయగా, అది ఎంత సాఫీగా నడచినదనగా చూచినవారిలో ఆ సంగతి గ్రహించినవారు మిక్కిలి కొలదిమంది. 1912లో డీజెల్ ఈ ముచ్చటను స్మరించుచు, నేడు స్వల్పముగా కనిపించు చెట్లనూనెలు మున్ముందు పెట్రోలియమునకు దీటుగా రావచ్చునని అభిప్రాయపడెను. మరుసటి యేడు, 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండుకు పోవుచున్న ఓడనుండి అతడు అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు శవము మాత్రము సముద్రమున కానవచ్చినది.

ఫ్రెంచి ప్రభుత్వమునకు వేరుసెనగపై ఆ ప్రీతి ఏల? వారి ఆఫ్రికా వలసలలో ఆ పంట విరివిగా పండెడిది. బొగ్గు గాని, పెట్రోలియము గాని ఓడలపై తెప్పించుకొనకయే ఆ వలసలు తమ యంత్రములను తామే నడుపుకొనవచ్చునని వారి యాలోచన. ఆ కాలముననే మన కోరమండల తీరమునుండి పుదుచ్చేరి మీదుగా వేరుసెనగలు ఓడల కొలది మార్సేల్ పట్టణపు నూనె మిల్లులకు పోవుచుండెను. అవి ఇంజనులకు కాదు, సబ్బులకు. పండించినవాని పొయ్యిలోనికో, పొరుగువాని మిల్లులోనికో ఈ నూనె పోవలెనను ప్రశ్న అప్పటినుండియు ఈ చరిత్రను విడువలేదు.

చెట్టునూనెను ఉన్నదున్నట్లుగా ఇంజనులో పోసిన నడవదా యన్నచో, కొంతకాలము నడచును. కాని ఆ నూనె డీజెలుకంటె సుమారు పదిరెట్లు చిక్కన. అది సన్నని తుంపరగా చిమ్మబడదు. సగము కాలి సగము కాలక, చిమ్ము రంధ్రమువద్ద మసియై గట్టిపడును. కొన్నినాళ్లకు ఇంజను మొరాయించును. దీనికి విరుగుడు కనిపెట్టినది రసాయన శాస్త్రము. బ్రస్సెల్సు విశ్వవిద్యాలయమునకు చెందిన శవాన్ అను శాస్త్రజ్ఞునకు 1937 ఆగస్టులో ఒక బెల్జియము పేటెంటు లభించినది. తాటిజాతి చెట్టగు పామాయిలును సారాయముతో కలిపి మార్పుచేసి ఇంజనులకు అనువగు పలుచని ఇంధనముగా చేయు విధానమది. మరుసటి యేట బ్రస్సెల్సు నుండి లూవేన్ పట్టణమునకు పోవు బస్సు ఒకటి ఈ ఇంధనముతో నడచినది. నేడు బయోడీజెలు అనబడుచున్నది ఇదియే. అప్పటికి దానికి ఆ పేరు లేదు.

ఈ పని సబ్బు కాచుటకు దగ్గరి చుట్టము. నూనె యనగా గ్లిసరిను అను కాడకు మూడు కొవ్వు ఆమ్లములు తగిలించిన గుత్తివంటిది. అందు మిథైలు ఆల్కహాలు పోసి, కొంచెము కాస్టిక్ సోడా చేర్చి వెచ్చచేసినచో, ఆ గుత్తినుండి గ్లిసరిను విడివడి అడుగున పేరును; దాని చోటున ఆల్కహాలు చేరి పైన పలుచని ద్రవము తేలును. నూరుకిలోల నూనెకు పదునొకండు కిలోల ఆల్కహాలు పట్టును. దాదాపు నూరుకిలోల ఇంధనము చేతికివచ్చును. గ్లిసరిను సబ్బులకు, మందులకు అమ్ముడుపోవును. కానుగ నూనెతో చిక్కు ఏమనగా, నిలువయున్న గింజలనుండి తీసిన నూనెలో ఆమ్లము హెచ్చు. సోడా వేయగానే అది ఇంధనము కాక నిజముగనే సబ్బై కూర్చుండును. కనుక ముందుగా ఆ పులుపును విరిచి, పిదప మార్పుచేయవలెను. ఈ శాకతైలముల మార్పును గూర్చి ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు 2006లో ప్రకటించిన సమీక్షావ్యాసము దేశదేశముల పరిశోధకులు ఉదాహరించునది. కానుగ నూనెపై అదే సంస్థలో ప్రత్యేకముగా పరిశోధనలు జరిగినవి.

భారతదేశమున ఈ యాలోచన కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బర్మా జపానువారి వశమైనది. అచటి చమురు రాక నిలిచినది. ఆ రోజులలో, 1942లో, అగర్వాల్, వర్మన్ మొదలగు శాస్త్రజ్ఞులు భారతీయ శాకతైలములను డీజెలు ఇంజనులలో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఆ పరిశ్రమ సారమంతయు 1952లో ఒక ప్రభుత్వ ప్రచురణగా వెలువడినది. ఈ లాల్ చంద్ వర్మన్ గారే తరువాత ఢిల్లీలో భారత ప్రమాణముల సంస్థకు మొదటి డైరెక్టరై దేశమునకు తూకములను, కొలతలను, ప్రమాణములను నేర్పినవారు. యుద్ధము ముగిసినది, అరబ్బుదేశపు చమురు నీళ్లవలె చవుకైనది, ఆ ప్రచురణ గ్రంథాలయపు బీరువాలో చేరినది. మన దేశమున కొన్ని సంగతులను అవసరమైనపుడు కనుగొని, అవసరము తీరగనే మరచి, మరల అవసరమైనపుడు మొదటినుండి కనుగొనుట కలదు.

మరల అవసరము ఢిల్లీ పొగరూపమున వచ్చినది. 1990వ దశకమున ఈ నగరమున సాయంకాలము ఐ.టి.ఓ. కూడలిలో బస్సు కొరకు నిలిచిన ఉద్యోగి యింటికి పోవునప్పటికి తెల్లచొక్కా మెడపట్టీ నల్లబడియుండెడిది. ఆనాటి డీజెలులో గంధకము పాలు నేటి ప్రమాణముకంటె వందలరెట్లు. ఎం. సి. మెహతా గారు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1998 జూలై 28వ తేదీన ఇచ్చిన ఉత్తరువు ననుసరించి నగరపు బస్సులన్నియు సహజవాయువునకు మారవలసివచ్చెను. గడువులు పొడిగింపబడినవి, వాయువు పోయించుకొనుటకు బండ్లు మైళ్ల పొడవున బారులు తీరినవి, ప్రజలు నానాయాతన పడిరి. తుదకు 2002 డిసెంబరు నాటికి ఢిల్లీ నగరపు సర్వీసులలో డీజెలు బస్సు లేకపోయెను.

విచిత్రమేమనగా, ఆ డిసెంబరు నెల చివరిదినముననే, అనగా 2002 డిసెంబరు 31వ తేదీన, ఢిల్లీనుండి అమృతసర్ పోవు శతాబ్ది ఎక్స్‌ప్రెస్ ఇంజనులో డీజెలుతోపాటు నూటికి ఐదుపాళ్లు చెట్టునూనె ఇంధనము పోసి నడిపిరి. సుమారు 450 కిలోమీటర్ల దారి. ప్రయాణికులలో ఎందరికి ఈ సంగతి తెలిసినదో చెప్పజాలము. పారిసు ప్రదర్శనమునందువలెనే రైలు మాత్రము సాఫీగా పోయెను. రైల్వేలతో కలిసి ఈ ప్రయత్నము చేసిన ఇండియన్ ఆయిల్ సంస్థకు ఢిల్లీ పొరుగుననే ఫరీదాబాదులో 1972లో నెలకొన్న పరిశోధనకేంద్రము కలదు. హర్యానా రాష్ట్రపు రోడ్డు రవాణా బస్సులలోను ఈ మిశ్రమమును పోసి చూచిరి. ఇంజనులు బాగుగనే యున్నవని, పొగలో మసి, కాలని వాయువులు తగ్గినవని, నత్రజని వాయువులు మాత్రము కొంచెము పెరుగునని ఇట్టి పరీక్షలలో తేలిన విషయము.

శాస్త్రము చేయవలసిన పని చాలవరకు అంతటితో అయినది. ఇక నూనె యెక్కడిది? ఇచట మన దేశమునకును అమెరికా, ఐరోపాలకును భేదము కలదు. అమెరికాలో సోయా నూనె, జర్మనీలో ఆవజాతి నూనె మిగులుగా నుండి ఇంజనులకు పోయిరి. మనమో, వంటనూనెలో సగముకంటె ఎక్కువ పరదేశములనుండి తెచ్చుకొనుచున్న వారము. బూరెలు వేచుటకే చాలని నూనెను బస్సులో పోయుట ఎవరికిని సమ్మతము కాదు. కనుక తినరాని గింజలే గతి. కానుగ, వేప, ఇప్ప, అడవి ఆముదము, ఇట్లు జాబితా తయారైనది.

ప్రణాళికా సంఘమువారు డి. ఎన్. తివారీ గారి అధ్యక్షతన నియమించిన కమిటీ 2003 ఏప్రిలులో నివేదిక సమర్పించినది. మొదటి విడతగా నాలుగు లక్షల హెక్టారులలో తోటలు. 2011-12 నాటికి దేశపు డీజెలులో నూటికి ఇరువది పాళ్లు చెట్టునూనె. దానికై కోటి హెక్టారులకు పైగా భూమి. ఈ మహాయజ్ఞమునకు ఎన్నుకొనబడిన చెట్టు కానుగ కాదు. అడవి ఆముదము, కొందరు నేపాళమందురు, శాస్త్రనామము జట్రోఫా. మధ్య అమెరికాలో పుట్టి పోర్చుగీసువారి వెంట ఇచటికి వచ్చిన పొద. మన పల్లెలలో దానిని చేనికి కంచెగా నాటుదురు. మేకలు కూడ ముట్టవు. దాని గింజలు తిని పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలగుట వార్తాపత్రికలలో నేటికిని చదువుచునే యుందుము. ఈ పొద రెండు మూడేండ్లకే కాపునకు వచ్చునని, నీరక్కరలేదని, రాతినేలనైన పండునని ప్రచారము. కానుగకో నాలుగైదేండ్లు, ఒక్కొక్కచోట ఏడేండ్లు పట్టును. ఐదేండ్ల ప్రణాళికలో ఏడేండ్ల చెట్టుకు చోటు దొరకుట కష్టము.

ఉత్సాహమునకు కొదువ లేదు. రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ఈ పంటను గూర్చి ఊరూర చెప్పిరి; రాష్ట్రపతి భవనపు తోటలలో జీవ ఇంధన వనమొకటి వెలసినది. గుజరాతులోని సురేంద్రనగర్ ప్రాంతమున రైలుమార్గపు ప్రక్క భూములలో మొక్కలు నాటిరి. రాష్ట్రములలో నర్సరీలు, శిక్షణ శిబిరములు, కరపత్రములు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మొదట జట్రోఫాను, పిమ్మట కానుగను కూడ ప్రోత్సహించినది. నల్లగొండ జిల్లా చౌటుప్పల్ ప్రాంతమున, కాకినాడ తీరమున కర్మాగారములు లేచినవి.

తరువాత ఏమైనది? హెక్టారుకు నాలుగైదు టన్నుల గింజ వచ్చునన్నవారి మాట నమ్మి నాటిన చేలలో, నీరులేని మెట్టనేలలందు, ఒకటి రెండు టన్నులు వచ్చుటయే ఘనమైనది. పెక్కుచోట్ల అదియు లేదు. నీరులేకయే బ్రతుకు మొక్క వేరు, నీరులేకయే కాయు మొక్క వేరు. ఈ భేదము ఎన్నో తరములుగా మెట్టసేద్యము చేయుచున్న అనంతపురము రైతు నడిగినచో ఒక్కమాటలో చెప్పియుండును. మేలైన వంగడము లేదు. పంటగా దానిని ఎవ్వరును అంతకుముందు సాగుచేసి యుండలేదు. కంచెపొదను తెచ్చి చేనులో నిలిపిరి. కాయలు ఒకేమారు పండవు, కోతకూలి గింజ వెలను మించును. కాచిన గింజకు సమీపమున కొనువాడు లేక, కొనువానికి చాలినంత గింజ లేక, రెండు చోట్లను నష్టమే మిగిలినది. మొక్కలను పీకి మరల పాతపంటలకు మరలిన రైతులు అన్ని రాష్ట్రములందును కలరు. నాటిన మొక్కల లెక్క దస్త్రములలో దొరకును. పీకిన మొక్కల లెక్క వ్రాయుటకు దస్త్రములో గడి యుండదు.

భూమి సంగతి మరియొకటి. ఈ తోటలన్నియు బంజరులోనే వేయుదురు గాన పంటభూమికి ముప్పు లేదని కాగితములలో వ్రాసిరి. రెవెన్యూ లెక్కలలో బంజరన్నంతమాత్రమున ఆ నేల ఎవ్వరిదియు కాకపోదు. ఊరి పశువులు మేయుటకు, పేదరాలు పుల్లలేరుకొనుటకు, గొల్లవాడు మంద తోలుటకు ఉన్న చోటదియే. పశువులు తినని పొదను అచట నాటినచో ఆ యూరి మేతయే పోయినది. ఢిల్లీలో పటముపై పసుపురంగు వేసిన తావునకు ఊరిలో పేరు, హద్దు, హక్కుదారు లుందురు.

అయినను ఈ చరిత్రమున వెలుగులేని పుటలే యని తలపరాదు. ఆదిలాబాదు అడవులలోని కథ ఒకటి కలదు. అది ఢిల్లీ ప్రణాళికకంటె ముందుగనే మొదలైనది. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ఆచార్య ఉడిపి శ్రీనివాస గారు కానుగనూనెను మార్పుచేయకయే నేరుగా డీజెలు ఇంజనులలో పోసి, దానితో విద్యుత్తు పుట్టించి, పల్లెలకు నీరు, దీపము ఇయ్యవచ్చునని కర్ణాటకమున చేసి చూపిరి. అదే త్రోవలో ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థవారు తమ ప్రాంతమున చల్పడి యను గూడెములో కానుగనూనె ఇంజనుతో దీపములు వెలిగించిరి. కరెంటు తీగ చేరని యూరు. ఆ యూరివారికి కానుగ క్రొత్తగా నాటవలసిన చెట్టు కాదు, అడవిలో నున్నదే. గింజ ఏరుట వారికి తెలిసిన పనియే. ప్రమిదలో మండిన నూనెయే ఇంజనులో మండి బల్బుగా వెలిగినది.

ఉట్నూరు ప్రాంతముననే పవర్‌గూడ యను మరియొక గిరిజన గూడెము కలదు. అచటి స్త్రీలు పొదుపు సంఘములుగా కూడి, ప్రభుత్వ సహాయముతో ఒక నూనెయంత్రమును నెలకొల్పుకొనిరి. వేలకొలది కానుగ మొక్కలను నాటిరి. నర్సరీ పెంచి మొక్కలను అమ్మిరి. ఈ నూనె పెట్రోలియమునకు బదులుగా మండుటచేత గాలిలో చేరకుండు బొగ్గుపులుసు వాయువు ఎంతయో హైదరాబాదు సమీపమునగల ఇక్రిశాట్ సంస్థవారి తోడ్పాటుతో లెక్కకట్టిరి. పదేండ్లకు 147 టన్నులని తేలినది. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకువారు తమ సమావేశమొకదాని నిమిత్తము విమానములు, వాహనములు తిరిగి చెరచిన గాలికి పరిహారముగా ఆ 147 టన్నులను కొని, పవర్‌గూడ స్త్రీలకు 645 డాలరులు చెల్లించిరి. ఆనాటి మారకము ప్రకారము సుమారు ముప్పదివేల రూపాయలు. వాషింగ్టను నగరమున పెద్దలు చేసిన పొగకు ఆదిలాబాదు అడవిలో ఆడువారు పరిహారము సమకూర్చుట వినుటకు నవ్వు పుట్టించును. కాని ఆ ముప్పదివేలును వారు ఏ కార్యాలయపు వాకిటనో నిలిచి తెచ్చుకొనినవి కావు, అమ్మి తెచ్చుకొనినవి. ఈ వృత్తాంతము చాల దేశములలో ప్రచురితమైనది. ఢిల్లీ ప్రణాళిక కోటి హెక్టారులను లెక్కించుచున్న సంవత్సరము, పవర్‌గూడ 4,500 చెట్లను లెక్కించుకొన్న సంవత్సరము ఒకటే.

ఈ రెంటికిని నడుమ నున్న అగాధము వెల. కేంద్రప్రభుత్వము 2005 అక్టోబరులో బయోడీజెలు కొనుగోలు విధానమును ప్రకటించినది. 2006 జనవరి 1 నుండి అమలు. చమురు కంపెనీలు నిర్ణీత కేంద్రములలో లీటరుకు 25 రూపాయలకు కొనవలెను. తరువాత అది 26 రూపాయల 50 పైసలైనది. గింజ కొని, ఆడి, ఆల్కహాలు పోసి మార్చినవానికి అసలు ఖర్చే అంతకు మించెను. అప్పుడు ఢిల్లీ బంకులలో డీజెలు వెల లీటరు సుమారు 30 రూపాయలు. అదియు ప్రభుత్వము భారము వహించి అణచియుంచిన వెల. ఒక నూనెకు రాయితీ ఇచ్చి, దానితో పోటీపడుమని రెండవ నూనెను బరిలో దింపిన విధమిది. కొనుగోలు కేంద్రములు తెరచియుండెను. అమ్మువారు మాత్రము రాలేదనియే చెప్పవచ్చును.

కాకినాడ కర్మాగారముల సంగతి ఇందువలననే మారినది. 2008లో అచట పనిచేయ నారంభించిన యూనివర్సల్ బయోఫ్యూయల్స్ వారి ఫ్యాక్టరీ దేశమున పెద్దవానిలో ఒకటి. ఏడాదికి ఒకటిన్నర లక్ష టన్నుల ఇంధనము చేయగల సామర్థ్యము దానిది. ఆంధ్రదేశపు కానుగ, నేపాళపు గింజలు అంత యంత్రమునకు ఏమూలకును చాలవు. పామాయిలునుండి వేరుపడు గట్టికొవ్వు ఓడలపై దిగుమతియై, ఇంధనముగా మారి, కొంత మరల ఓడలపై ఎగుమతియైనది. నౌకాశ్రయము ప్రక్కన ఫ్యాక్టరీ పెట్టినవారి దూరదృష్టి మెచ్చదగినదే.

2009 డిసెంబరులో వెలువడిన జాతీయ జీవ ఇంధన విధానము ఇరువది పాళ్ల గమ్యమును 2017కు జరిపినది. 2017 వచ్చి పోయినది. దేశపు డీజెలులో చెట్టునూనె పాలు నూటికి ఒకటికి ఎంతయో దిగువననే యుండెను. 2014లో డీజెలు వెలపై ప్రభుత్వపు అదుపు తొలగిన పిమ్మట కొంత చలనము వచ్చినది. 2015 ఆగస్టు 10వ తేదీన, ఐదుపాళ్లు కలిపిన డీజెలును సామాన్యులకు కొన్ని బంకులలో అమ్మ నారంభించిరి. అందులకు ఎన్నుకొన్న నగరములు నాలుగు: న్యూఢిల్లీ, హాల్దియా, విశాఖపట్నము, విజయవాడ. నాలుగింట రెండు తెలుగునగరము లగుట ఇచటి తెలుగువారు గమనింపదగిన విషయము. 2018లో వచ్చిన క్రొత్త విధానమున గమ్యము ఇరువది నుండి ఐదుపాళ్లకు తగ్గినది, గడువు 2030. ఈ తగ్గింపును ఓటమి యనువారు కలరు. పదునైదేండ్ల అనుభవము తరువాత వ్రాసిన అంకె గనుక ఇదియే మొదటి నిజమైన అంకె యనుట న్యాయము.

నేపాళపు గింజకు మాత్రము ఒక అపురూప గౌరవము దక్కినది. 2018 ఆగస్టు 27వ తేదీన డెహ్రాడూనునుండి బయలుదేరిన స్పైస్‌జెట్ విమానమొకటి ఢిల్లీలో దిగినది. అందు విమానపు ఇంధనముతో పాటు నూటికి ఇరువదియైదు పాళ్లు, ఛత్తీస్‌గఢ్ రైతుల నేపాళపు గింజలనుండి డెహ్రాడూను పెట్రోలియము పరిశోధనశాలవారు తీసిన నూనె. ఇది బయోడీజెలు కాదు. అదే నూనెను వేరొక రీతిని శుద్ధిచేసి విమానమునకు అనువుగా చేసినది. మరుసటి గణతంత్ర దినమున, 2019 జనవరి 26న, రాజపథముపై ఎగిరిన వాయుసేన ఏ.ఎన్.-32 విమానమున ఇట్టి నూనె పదిపాళ్లు కలిసియున్నది. చేనిలో ఓడిన పొద ఆకాశమున ఎగిరినది.

రైలు కథ మరొక విధముగా ముగిసినది. ప్రత్యామ్నాయ ఇంధనముల కొరకు రైల్వేలు ఢిల్లీలో నెలకొల్పిన సంస్థను 2021 సెప్టెంబరులో మూసివేసిరి. మార్గములన్నియు వేగముగా విద్యుత్తునకు మారుచుండగా డీజెలింజనుకే పని తగ్గినది. దానికి పోయవలసిన నూనెను గూర్చిన చర్చ సన్నగిల్లుట సహజము.

ఇప్పుడు దృష్టి అంతయు చెట్టును వదలి వంటశాలపైకి మరలినది. హోటళ్లలో మరలమరల కాగిన నూనె పారవేయబడుట లేదు. చవుకవెలకు చేతులు మారి వీథి బండివాని బాణలిలోనికి చేరును. పూరీ, బజ్జీ దానిలోనే వేగును. కాగినకొలది ఆ నూనెలో పుట్టు చెడు పదార్థములు నూటికి ఇరువదియైదు పాళ్లు దాటరాదని ఆహార భద్రత సంస్థవారు 2018 జూలై 1 నుండి నియమము పెట్టిరి. ఆ ఆగస్టు 10న, వాడిన నూనెను పోగుచేసి ఇంధనముగా మార్చు పథకము నారంభించిరి. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడునూనె వాడు సంస్థలు దానికి లెక్క వ్రాయవలెను. మరుసటి ఆగస్టు 10న చమురు కంపెనీలు నూరు నగరములలో ఇట్టి ఇంధనమును కొందుమని ప్రకటించినవి. మొదటి యేడు లీటరు 51 రూపాయలు, రెండవయేడు 52 రూపాయల 70 పైసలు, మూడవయేడు 54 రూపాయల 50 పైసలు. ఈ మారు వెలను ముందుగనే, మూడేండ్లకు, ఖర్చును చూచి నిర్ణయించిరి. 2006 నాటి పాఠము వృథా పోలేదు.

2021 మే 4వ తేదీన ఢిల్లీ పడమటి శివారున టిక్రీ కలాన్ వద్దగల ఇండియన్ ఆయిల్ డిపోనుండి ఈ పథకమున తొలి బండి బయలుదేరినది. ఆ దినములలో కరోనా రెండవ విజృంభణము నగరమును అల్లకల్లోలము చేయుచుండెను. ఆస్పత్రులలో ప్రాణవాయువు దొరకక జనులు తల్లడిల్లుచుండిరి. నాటి పెట్రోలియము మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ గారు ఆ బండికి జెండా ఊపి సాగనంపిన వార్తను అప్పుడు చదివినవారు తక్కువ. ఆ బండి ట్యాంకులోని డీజెలులో కలసియున్నది, ఎవరో పూరీలు వేచుకొని విడిచిన నూనె.

సంసారుల యిండ్లలో కనుమనాడు గారెలు దింపిన తరువాత బాణలిలో మిగిలిన నూనెకు ఈ పథకము ఇంకను చేరలేదు. సేకరించువారు పెద్ద వంటశాలలకే వచ్చెదరు. గృహిణులు దానిని వడగట్టి తాలింపునకు వాడుదురు, లేదా తొట్టిలో పోయుదురు. ఇక ఢిల్లీ కాలిబాటలపై కానుగపూలు రాలినట్లే కాయలును రాలును. మునిసిపాలిటీ స్త్రీలు వానిని ఎండుటాకులతో కలిపి ఊడ్చి కుప్పవేయుదురు.